‘వార్’ తోక పట్టుకొని ఊరు దొరుకుతదా?

నాందేడ్‌లో మనోళ్ల పెండ్లిళ్లలో, సమాజం మీటింగుల్లో ఈ మధ్య వంశవృక్షం పుస్తకాలు బాగా పంచుతున్నరు. రంగుల అట్ట, లోపల పెద్ద మర్రిచెట్టు బొమ్మ, కొమ్మ కొమ్మకూ పేర్లు. మంచి పనే. మరాఠీ బడిలో చదివిన మన పిల్లలు ముత్తాత పేరు అడగడమే సంతోషం. కానీ ఉద్యోగమంతా లెడ్జర్లు టాలీ చేసినవాణ్ణి కదా, వీటిలో కొన్ని ఎంట్రీలకు వోచర్లు నాకు కనబడవు. వాటి గురించే ఈ నాలుగు మాటలు.

మొదటిది లెక్క. “1323లో ఓరుగల్లు పడిపోయినంక మా పెద్దలు గోదావరి వెంబడి ఇటు వచ్చిండ్రు” అని మొదలుపెడతరు. కింద ఏడు తరాలు రాస్తరు. తరానికి 28 ఏండ్లు వేసుకున్నా ఏడు తరాలకు సుమారు 200 ఏండ్లు. 1323 నుంచి ఇప్పటికి 700 ఏండ్లు. మిగిలిన 500 ఏండ్లు ఏ ఖాతాలో ఉన్నట్టు? ఏడు తరాలు తెలియడం చిన్న సంగతి కాదు. దానికి కాకతీయులను అతికిస్తే ఆ నిజమైన ఏడింటి మీద కూడా అనుమానం వస్తది.

రెండోది ‘వలస’ అన్న మాట. అందరికీ ఇదే వాడుతున్నరు. 1956 నవంబర్ 1 దాకా నాందేడ్, నిజామాబాద్, ఆదిలాబాద్ మూడూ హైదరాబాద్ రాష్ట్రంలోనివే. అప్పుడు కిన్వట్ తాలూకా ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది, ముధోల్ మన నాందేడ్ జిల్లాలో ఉండేది. దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు ఆ రోజే విడిపోయి అటు పోయినయి. మనం బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి వచ్చినం. ధర్మాబాద్, బిలోలి, కిన్వట్ పల్లెల్లో పాతకాలం నుంచి ఉన్న తెలుగోళ్లు ఇల్లు కదలకుండానే వేరే రాష్ట్రం వాళ్లయిండ్రు. ఉస్మాన్‌షాహీ మిల్లు పనికో, మగ్గం పనికో, వ్యాపారానికో నాందేడ్ పట్నం చేరినవాళ్ల కథ వేరు. రెండూ కలిపి రాస్తే వెతికే చోటు తప్పిపోతది. మొదటివాళ్లకు ఊరి రెవెన్యూ కాగితం చూడాలె, అది ఇప్పటి జిల్లాలో కాక పాత జిల్లా పేరు కింద ఉండొచ్చు. రెండోవాళ్లకు మిల్లు, బడి, మున్సిపాలిటీ రికార్డులు.

మూడోది ఇంటిపేరు. ‘ముంగంటి వారు’ మరాఠీలో ‘ముంగంటివార్’ అయినట్టు మన ‘వారు’ కొస కోసుకుపోయి ‘వార్’ అయింది. ఇది తెలుగు మూలానికి గుర్తే, ఊరికి మాత్రం గుర్తు కాదు. ‘కర్’ తోకతో ఇంకా జాగ్రత్తగా ఉండాలె. నిర్మల్ నుంచి దెగ్లూర్‌కు, అక్కడి నుంచి నాందేడ్‌కు వచ్చిన ఇంటిని ఇక్కడివాళ్లు ‘దెగ్లూర్‌కర్’ అంటరు. అది చివరగా విడిచిన ఊరు, మొదటి ఊరు కాదు. మధ్యలో ఉర్దూ ఒకటి ఉంది. నిజాం కాలం కాగితాల్లో మన పేర్లు ఉర్దూ లిపిలో ఎక్కినయి. ఆ లిపిలో ణ, ళ లు లేవు, పొట్టి అచ్చులు సాధారణంగా రాయరు. తర్వాత దాన్ని దేవనాగరిలోకి ఎత్తి రాసిన గుమాస్తా తోచినట్టు చదివిండు. అందుకే అన్నదమ్ముల పిల్లలకే రెండు రకాల ఇంటిపేర్లు. ఫస్లీ సంవత్సరానికి 590 కలపాలన్నది కూడా మరువొద్దు. 1355 ఫస్లీ అంటే 1945-46.

ఇక నాకు అన్నింటికన్నా పెద్ద లోటుగా తోచింది: ఈ చెట్లల్లో ఆడవాళ్లు లేరు. ఉంటే ‘సౌ.’ అని ఒక పేరు, అంతే. పుట్టినూరు రాయరు. మన భాషను వెతికేవాళ్లకు ఇది చాలా నష్టం. నాందేడ్‌లో మగవాళ్లు బజార్లో మరాఠీ, దఖ్నీ మాట్లాడి వచ్చేవాళ్లు. ఇంట్లో తెలుగు నిలబడ్డది బోధన్ నుంచో, భైంసా నుంచో, నిర్మల్ నుంచో వచ్చిన కోడండ్ల వల్ల. కాబట్టి ఇంట్లో వినబడే ఒక మాటను పట్టుకొని “మా మూలం ఫలానా వైపు” అంటే, అది తాత ఊరి మాటా, అవ్వ పుట్టింటి మాటా అన్నది ముందు తేలాలె. మగ్గం మూలపడ్డ ఇండ్లల్లో కూడా నాడె, కండె, పడుగు, పేక అన్న మాటలు ముసలివాళ్ల నోట వినబడతయి. నాడెను మరాఠీలో ‘ధోటా’ అంటరు. ఈ మాటలు కులవృత్తిని చెప్తయి. ఊరు చెప్పాలంటే ఇంకో సాక్ష్యం కావాలె.

ఇదంతా ముచ్చట కోసమే అనుకోవద్దు. మహారాష్ట్ర షెడ్యూల్డ్ తెగల జాబితాలో కోలామ్ పక్కన ‘మన్నేర్వార్లు’ అని ఉంది. మన బహువచనం ‘వార్లు’ యథాతథంగా సర్కారు జాబితాలో కూర్చుంది. ధ్రువీకరణ కమిటీ ముందు ఒక పిల్ల సీటు, ఒక పిల్లగాని నౌకరీ పాత కాగితంలో ఆ పేరు ఎట్ల రాసి ఉందన్నదాని మీద ఆధారపడతయి. 2023లో కుణబీ నమోదుల కోసం జస్టిస్ సందీప్ శిందే కమిటీ మరాఠ్వాడాలో నిజాం కాలపు ఉర్దూ, మోడీ లిపి రికార్డులు తీయించింది. అంటే వెతికితే కాగితాలు దొరుకుతయి. అలాంటిచోట కల్పించిన పూర్వీకుడు నిజమైన వారసునికే అడ్డం వస్తడు.

పుస్తకాలు వేసేవాళ్లకు నాదొక మనవి. ప్రతి పేరు ఎదుట మూడు గడులు పెట్టండి: ఎవరు చెప్పిండ్రు, ఏ కాగితంలో ఉంది, తల్లి పుట్టినూరు ఏది. తెలియని గడి ఖాళీగా విడవండి. బ్యాంకులో సస్పెన్స్ ఖాతా ఉన్నట్టే, రేపు ఎవరన్నా నింపుతరు. త్ర్యంబకేశ్వర్ పురోహితుల వహీలు చూడండి. పద్మశాలీలు కూనపులివాళ్లను, గొల్లలు మందెచ్చులవాళ్లను అడగండి. వీళ్లందరికన్నా ముందు ఇంట్లో ఎనభై దాటిన అవ్వ దగ్గర కూర్చొని, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, ఆమె పుట్టింటి ముచ్చట ఆమె మాటల్లోనే చెప్పనీయండి. కాగితాలు ఇంకో పదేండ్లు ఆగుతయేమో, ఆమె ఆగదు.