విషమా, ఆకలా? – కేసరిపప్పు పరిశోధనపై ఒక పరిశీలన

మనిషిని నడవనీయని వ్యాధుల్లో ఒకదానికి ఆయుర్వేదం కలాయఖంజమని పేరు పెట్టింది. కలాయమంటే బఠాణీ జాతి గింజ, ఖంజమంటే కుంటితనం. ఆధునిక వైద్యం దాన్నే లాథిరిజం అంటోంది. కేసరిపప్పే ప్రధానాహారమై రెండు మూడు నెలలు గడిస్తే కొందరికి కాళ్లు బిగుసుకుపోతాయి, నడకలో మోకాళ్లు ఒకదానికొకటి అడ్డుపడతాయి. మెదడు నుంచి వెన్నుపాముకు కదలిక ఆజ్ఞలను చేరవేసే మోటార్ న్యూరాన్లు ఇందులో దెబ్బతింటాయి. ఎ.ఎల్.ఎస్. వ్యాధి ఏళ్ల తరబడి ముదిరి ప్రాణం తీస్తుంది. లాథిరిజం మాత్రం ఒక దశలో ఆగిపోతుంది, వచ్చిన కుంటితనం మాత్రం పోదు. కారణం ఆహారంలోనే ఉందని తెలిసిన మోటార్ న్యూరాన్ వ్యాధి కనుక శాస్త్రజ్ఞులకు దీనిపై ప్రత్యేకమైన ఆసక్తి.

బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఎస్.ఎల్.ఎన్. రావు, పి.ఆర్. అడిగ, పి.ఎస్. శర్మ 1964లో ఈ గింజల నుంచి ఓడాప్ అనే అమైనో ఆమ్లాన్ని వేరుచేసి, దాన్ని నాడీవిషంగా ప్రకటించారు. అదే ఏడాది ఢిల్లీ నుంచి వి.వి.ఎస్. మూర్తి, టి.ఆర్. శేషాద్రి, వెంకటసుబ్రమణియన్ల బృందం కూడా అదే పదార్థాన్ని గుర్తించింది. (శేషాద్రి అంతకుముందు వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు రసాయన శాఖను తీర్చిదిద్దినవారు.) అయితే రావు బృందం ప్రయోగాల్లోనే ఒక చిక్కు బయటపడింది. ఆ పదార్థం ఎక్కిస్తే కోడిపిల్లలకు మూర్ఛ వచ్చేది, ఎదిగిన జంతువులు మాత్రం చాలావరకు తట్టుకునేవి.

తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన రావు ఆ చిక్కును వదిలిపెట్టలేదు. 2011లో ప్రచురించిన సమీక్షలో ఓడాప్‌కున్న మేలు గుణాలను ముందుకు తెచ్చారు. చైనా వైద్యంలో రక్తస్రావాన్ని ఆపడానికి వాడే ఒక జిన్‌సెంగ్ జాతి మొక్కలోనూ ఇదే పదార్థముంది. కేసరిపప్పులో హోమోఆర్జినిన్ అనే మరో ప్రయోజనకరమైన అమైనో ఆమ్లం కూడా ఉంది. సమతులాహారంలో కొద్ది భాగంగా తింటే ఈ పప్పుకు భయపడనక్కరలేదని ఆయన వాదన. దాదాపు అర్ధశతాబ్ది కింద తామే వేసిన ముద్రను తానే సడలించే సాహసం పరిశోధకుల్లో అరుదు.

సాహసం గొప్పదే గాని వాదన సంపూర్ణం కాదు. 1986లో పీటర్ స్పెన్సర్ బృందం మంచి పోషణ ఉన్న కోతులకు ఈ పప్పును పెట్టినా వాటి కాళ్లలో వ్యాధి లక్షణాలు కనిపించాయి. అంటే ఆకలి లేకపోయినా విషం పనిచేయగలదు. అంతకంటె సూక్ష్మమైన సాక్ష్యం ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన విజయలక్ష్మీ రవీంద్రనాథ్‌ది. ఓడాప్ ఇచ్చిన ఎలుకల మెదడు చాలక ప్రాంతంలోనూ నడుము వెన్నుపాములోనూ మైటోకాండ్రియా శక్తి వ్యవస్థలోని మొదటి సంకీర్ణం దెబ్బతింటుందని, కణం చచ్చేముందే ఇది జరుగుతుందని ఆమె బృందం 1998లో చూపింది. మగ ఎలుకలు దీనికి ఎక్కువగా లొంగడం, ఆడ ఎలుకలకు కొంత రక్షణ ఉండడం కూడా ఆ ప్రయోగశాల నుంచే తేలింది. కరువు పల్లెల్లో పడిపోయినవారిలో యువకులే ఎక్కువన్న పాత పరిశీలనకు ఇది తొలిసారి జీవరసాయన ఆధారమిచ్చింది. ఈ ఫలితాలను దాటకుండా రావు నిర్ధారణ నిలవదు.

అలాగని రవీంద్రనాథ్ ప్రయోగమూ మొత్తం కథ చెప్పదు. శుద్ధి చేసిన ఓడాప్‌ను పొందిన ఎలుకకు ఆకలి లేదు. మనిషికి ఆ పప్పు చేరిన దారి వేరు. అది నేలను బట్టి ఉంటుంది. ద్రాక్షారామం చుట్టూ డెల్టా చేలల్లో వరి కోతకు ముందే మినుము, పెసర చల్లడం రైతులకు పరిపాటి. ఛత్తీస్‌గఢ్, బీహార్ వర్షాధార వరిచేలల్లో అదే తీరున, ఉతేరా పేరుతో, కేసరి చల్లుతారు. పద్ధతి ఒకటే. తేడా నీటిలో ఉంది. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కాలువలు ఇక్కడ పంటకు భరోసా ఇచ్చాయి. వానలు లేని ఏట అన్ని పంటలూ పోయి కేసరి ఒక్కటే మిగిలే అవస్థ అక్కడిది. ద్రాక్షారామ మాహాత్మ్యాన్ని చెప్పిన శ్రీనాథుని భీమేశ్వర పురాణంలో వ్యాసుడు కాశీనే శపించబోయింది ఆకలి వల్లనే. కావ్యం ఆకలిని కథకు కారణం చేసింది, ప్రయోగశాల దాన్ని లెక్కలోంచి తీసేసింది.

పప్పును వేడినీటిలో నానబెట్టి ఆ నీరు పారబోస్తే ఓడాప్ చాలావరకు పోతుందని హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ 1960లలోనే చూపింది. దానికి వంటచెరకూ నీళ్లూ కావాలి. కరువులో ఆ రెండూ ఎవరికి, ఎంత అందాయో రావు సమీక్షలోనూ రవీంద్రనాథ్ ఫలితాల్లోనూ ప్రస్తావనకు రాలేదు.