కొలిచినది గోడనా, గదినా?

ఏడవ తరగతిలో లెక్కల పాఠము జరుగుచున్నది. ప్రక్క గదిలో ఎనిమిదవ తరగతి పిల్లలు పద్యమును ఏకకంఠముతో వల్లించుచున్నారు. నడుమనున్న గోడ ఆ ధ్వనిని ఎంతవరకు ఆపుచున్నది? ఈ ప్రశ్న పుట్టగానే చాలమంది చేతిలో ఇమిడెడు ధ్వనిమాపకమును తెత్తురు. అవతలి గదిలో ఒకసారి, ఇవతలి గదిలో ఒకసారి చూచి, ఆ రెండు అంకెల భేదమే గోడయొక్క శక్తి అని తీర్పు చెప్పుదురు. కొందరికి మొబైల్ ఫోనే చాలును. ఆ తీర్పును నమ్మి గోడను పడగొట్టించుటయో, డబ్బు పోసి మెత్తని పలకలు అతికించుటయో జరుగును. పద్ధతి సులభమే, కాని తీర్పు తరచుగా తప్పుచుండును.

మొదట పరికరమునకు న్యాయము చేయవలెను. ధ్వనిమాపకమునందలి మైక్రోఫోను గాలిలోని పీడనపు మార్పులను విద్యుత్తుగా మార్చును; పరికరము దానిని డెసిబెల్లలో చూపును. అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘము 2002లో వెలువరించి 2013లో సవరించిన 61672వ ప్రమాణము ఈ పరికరములను రెండు తరగతులుగా విభజించినది. మొదటి తరగతి పరికరమును కొలతకు ముందును తరువాతను సరిచూచుకొన్నచో దాని మాట నమ్మదగినది. ఇట్లు సరిచూచుటకు వాడు చిన్న ధ్వనిజనకము సామాన్యముగా 1000 హెర్ట్జుల వద్ద 94 డెసిబెల్లు, అనగా 1 పాస్కల్ పీడనమును ఇచ్చును. మైక్రోఫోను ఉన్నచోట ధ్వని ఎంత యున్నదో పరికరము చెప్పును. దానినే గోడ గుణముగా ఎంచుటలో దోషమున్నది.

మొదటి దోషము ఒకే అంకెపై ఆధారపడుట. చేతి పరికరములు సాధారణముగా చూపునది ‘ఎ’ తూనికతో కూడిన డెసిబెల్లు. చెవి మంద్రస్వరములను తక్కువగా గ్రహించును గనుక, ఈ తూనిక 100 హెర్ట్జుల ధ్వనిని సుమారు 19 డెసిబెల్లు తగ్గించి లెక్కించును. గోడలు సాధారణముగా తారస్వరములను బాగుగా ఆపును. మంద్రస్వరములను అంతగా ఆపలేవు. కావున డప్పు మ్రోతను వదలు గోడయు, వదలని గోడయు ఈ పరికరము ముందు సమానముగా కనబడవచ్చును. అందువలననే 2014లో వెలువడిన అంతర్జాతీయ ప్రమాణము 16283 మొదటి భాగము, 100 నుండి 3150 హెర్ట్జుల వరకు 16 పౌనఃపున్య పట్టీలలో విడివిడిగా కొలువవలెనని విధించినది.

రెండవ దోషము వినెడు గదిని మరచుట. దీనికి మూలమైన పాఠము 1895 నాటిది. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫాగ్ మ్యూజియము ఉపన్యాసశాలలో మాటలు ఒకదానిపై ఒకటి పడి అర్థమగుట కష్టమయ్యెను. యువ భౌతికాచార్యుడు వాలేస్ సాబైన్‌కు ఆ పని అప్పగింపబడినది. ఆయనవద్ద డెసిబెల్లు చూపు పరికరము లేదు. ఆర్గన్ గొట్టము, కాలమాపకము, తన చెవి, ఇవే సాధనములు. రాత్రివేళ ఇంకొక శాలనుండి మెత్తలు తెప్పించి పరచుచు, శబ్దము ఎంతసేపు నిలుచునో కొలిచెను. ఖాళీ శాలలో అది 5 సెకనులకు మించి నిలిచినది. ప్రతినాద కాలము గది ఘనపరిమాణముతో పెరుగుననియు, శోషణముతో తగ్గుననియు ఆయన తేల్చెను.

ఇపుడు గోడ సంగతి చూడుడు. అవతలి గదిలో 90, ఇవతలి గదిలో 50 డెసిబెల్లు ఉన్నవనుకొందురు. భేదము 40. ఇవతలి గది ఖాళీగా ఉండి ప్రతినాద కాలము 2 సెకనులైనచో, లోనికి వచ్చిన ధ్వని అక్కడనే తిరుగుచు బలపడినదన్న మాట. ప్రమాణము గదులకు 0.5 సెకను కాలమును ప్రాతిపదికగా గ్రహించును. 2ను 0.5చే భాగించిన 4. దాని సంవర్గమానమును 10చే గుణించిన 6. సరియైన విలువ 46. సవరణ చేయనివాడు గోడకు 6 డెసిబెల్లు అన్యాయము చేసినవాడగును.

మెత్తని పలకల భ్రమయు ఇక్కడనే పుట్టును. వాటివలన ప్రతినాద కాలము సగమైనచో గదిలోని ధ్వనిమట్టము 3 డెసిబెల్లు తగ్గును. పరికరము ఆ తగ్గుదలను చూపును, కొన్నవారు సంతోషింతురు. గోడ మాత్రము మునుపటి గోడయే.

మూడవది స్థానదోషము. 100 హెర్ట్జుల ధ్వని తరంగదైర్ఘ్యము సుమారు 3.4 మీటర్లు. చిన్న గదిలో ఇట్టి తరంగములు గోడలనుండి మరలి, ఒకచోట బలపడి, ఇంకొకచోట క్షీణించును. ఒక మూలలోని అంకె గది అంతటికి సాక్ష్యము కాజాలదు. స్థిరముగా నిలిపి కొలుచునపుడు కనీసము 5 స్థానములు కావలెను. గోడలకు అర మీటరైనను దూరము పాటింపవలెను. ఇందు విశేషమేమనగా, నిర్ణీత మార్గమున పరికరమును చేతితో త్రిప్పుచు కొలుచుటకును ఈ ప్రమాణమే అనుమతించుచున్నది. చేయి దోషము కాదు, క్రమము లేని చేయి దోషము.

నాల్గవది నేపథ్య ధ్వని. ఇవతలి గదిలో ఫాను శబ్దమే 48 డెసిబెల్లు ఉండగా 50 చూపినచో, అందులో గోడను దాటి వచ్చినదెంత? భేదము 10 డెసిబెల్లకు తక్కువైనచో సవరణ అవసరము. 6 లేక అంతకు తక్కువైనచో 1.3 డెసిబెల్లు మాత్రమే సవరించి, ఆ ఫలితము కొలతయొక్క హద్దు మాత్రమే అని నివేదికలో వ్రాయవలెను. ఫాను ఆపి కొలుచుట అన్నిటికంటె మేలు.

ఇన్ని దోషములు చెప్పినంత మాత్రాన చేతి ధ్వనిమాపకము వ్యర్థమని కాదు. పరిసర శబ్ద పరీక్షకు అది తగినదే. భారత ప్రభుత్వపు 2000 నాటి శబ్ద కాలుష్య నియమములు నిశ్శబ్ద మండలములకు పగలు 50, రాత్రి 40 డెసిబెల్ల హద్దును ‘ఎ’ తూనికలోనే పెట్టినవి. అక్కడి ప్రశ్న ఈ చోట శబ్దమెంత అన్నదే. భవనములలో సైతము దీనికొక గొప్ప ఉపయోగము కలదు: సందులను వెదకుట. 10 చదరపు మీటర్ల గోడ 50 డెసిబెల్లు ఆపగలదనుకొందురు. దానిలోని తలుపు క్రింద 1 మీటరు పొడవు, 1 సెంటీమీటరు వెడల్పుగల సందున్నచో, అది మొత్తములో వెయ్యవవంతు. అంతమాత్రమునకే 50 కాస్తా సుమారు 30కి దిగిపోవును. పరికరమును తలుపు అంచుల వెంబడి నడిపినచో అంకె పెరిగిన తావే దొంగదారి.

ఉపాధ్యాయులు ఈ పరీక్షను పిల్లలచేత చేయింపవచ్చును. ఒకే ధ్వనిని ఒకే స్థాయిలో మ్రోగించి, అవే స్థానములలో, సందు మూయక ముందును మూసిన తరువాతను కొలిచినచో, తక్కిన పరిస్థితులు మారవు గనుక పోలిక విశ్వసనీయము. అంకె ఎంతయని కాక, అది దేని అంకె యని అడుగుట పిల్లలకు అలవడును. గోడకు శిక్ష వేయుటకు ముందు తలుపును విచారించుట పాఠశాల ధనమునకును, పాఠము వినవలసిన పిల్లలకును మేలు.