వైకుంఠం గారి నల్లమ్మలు

హుజూరాబాద్ అంగడిలో కూరగాయలు బేరమాడే పెద్దమ్మలను చూస్తే చిత్రకారుడు తోట వైకుంఠం బొమ్మలే గుర్తొస్తాయి. ఆయనదీ పాత కరీంనగర్ జిల్లాయే. 1942లో బూరుగుపల్లిలో పుట్టారు, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకున్నారు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులను ముదురుగా పరిచి, వాటి నడుమ నల్లని ఒంటిని నిలబెడతారు. పెళ్లిచూపుల వాళ్లలా ఆ నలుపును ఒక పూత తగ్గించి చెప్పరు. రూపాయంత బొట్టు, ముక్కుపుల్ల, కొప్పు, నిండైన ఒళ్లు. దేన్నీ దాచుకోని నిలకడ. తెల్లబడే క్రీములు చూసి పెరిగిన ఆడపిల్లకు ఇంతకన్నా మంచి మందు నాకు తెలియదు. ఆ అమ్మలు మన మెప్పు కోసం చూడరు కూడా. భుజమ్మీది చిలుకతోనో, పక్కనున్న ఆమెతోనో వాళ్ల ముచ్చట వాళ్లది.