తేలిక ఆంప్, నిండు మంద్రం

ఆంప్లిఫయర్ ఎంత బరువుంటే నాదం అంత నిండుగా ఉంటుందన్న నమ్మకం బేస్ గిటార్ వాయించేవాళ్లలో బలంగా పాతుకుపోయింది. అది ఊరికే పుట్టిన నమ్మకం కాదు. 1969లో అమెరికాలో ఆంపెగ్ కంపెనీ ఎస్‌వీటీ అనే బేస్ ఆంప్‌ను తెచ్చినప్పుడు, స్పీకర్లు లేని దాని హెడ్ ఒక్కటే దాదాపు నలభై కిలోలు తూగేది. లోపల పద్నాలుగు వాల్వులు, పెద్ద పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు, 300 వాట్ల శక్తి. ఆనాటి స్పీకర్లు అంత శక్తిని తట్టుకోలేవు కాబట్టి, పది అంగుళాల స్పీకర్లు ఎనిమిదేసి ఉన్న క్యాబినెట్లను రెండింటిని జతచేసి వాడమనేవారు. రోలింగ్ స్టోన్స్ ఆ ఏడాది అమెరికా పర్యటనలో దాన్నే వేదికెక్కించారు. రాక్ పాటలో బేస్ ఎలా వినిపించాలో ఒక తరం చెవులకు నేర్పింది ఆ పెట్టే.

ఆ నాదమంటే నాకు ప్రాణం. కానీ ఆ నిండుతనం ఇనుము బరువులోంచి వచ్చిందంటే మాత్రం ఒప్పుకోను. వాల్వులు తమ హద్దు దగ్గరికి చేరేకొద్దీ స్వరం మెత్తగా నలుగుతుంది. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దానికి కొంత గుండ్రదనం ఇస్తుంది. వాల్వ్ ఆంప్ స్పీకర్ కోన్‌ను బిగించి పట్టుకోదు కాబట్టి క్యాబినెట్ సొంత గొంతు కూడా అందులో కలుస్తుంది. ఇవన్నీ సర్క్యూట్ గుణాలు, వీటిని కాటాలో తూచలేం.

ఈ సంగతి 1970ల్లోనే కాలిఫోర్నియాలో కొందరికి బాగా పట్టుబడింది. గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం చుట్టూ ఎదిగిన అలెంబిక్ సంస్థ, పాత ఫెండర్ ఆంప్‌ల టోన్ సర్క్యూట్ ఆధారంగా ఎఫ్-2బీ అనే వాల్వ్ ప్రీఆంప్ తయారుచేసింది. బలం కోసం దాని వెనక ట్రాన్సిస్టర్ పవర్ ఆంప్ పెట్టుకునేవారు. 1967లో వచ్చిన క్రౌన్ డీసీ-300 అలాంటిదే. 1974లో డెడ్ బృందం నిలబెట్టిన 'వాల్ ఆఫ్ సౌండ్' అనే మహా ధ్వని వ్యవస్థ మెకింటాష్ పవర్ ఆంప్‌ల మీద నడిచింది. ఈ ధోరణి స్థిరపడి ర్యాక్ రిగ్ అయింది. 19 అంగుళాల వెడల్పు చట్రం, ఒక్కో అర ఎత్తు ఒకటీ ముప్పావు అంగుళం. ఒక అరలో ప్రీఆంప్, ఒకటి రెండు అరల్లో పవర్ ఆంప్, బయట క్యాబినెట్. స్వరానికి వన్నె తేవడం ప్రీఆంప్ పని, బలమివ్వడం పవర్ ఆంప్ పని, గాలిని కదిలించడం క్యాబినెట్ పని. పనులు విడిపోయాయి కాబట్టి ఒకటి మారినా మిగతావి నిలుస్తాయి. ఇరవై ఏళ్లుగా చెవికి అలవాటైన ప్రీఆంప్‌ను అలాగే ఉంచుకుని, నడుము విరిచే పవర్ ఆంప్‌ను మాత్రం దించేయవచ్చు. ఈ పద్ధతిలోని అసలు విలువ అక్కడే ఉందని నేను అనుకుంటాను.

పాత పవర్ ఆంప్‌లో బరువు రెండు చోట్ల ఉండేది. గోడ ప్లగ్గులోంచి వచ్చే కరెంటు సెకనుకు యాభై సార్లు (అమెరికాలో అరవై సార్లు) ముందుకూ వెనక్కూ ఊగుతుంది. అంత నెమ్మదిగా మారే కరెంటును వందల వాట్ల మేర మోయాలంటే ట్రాన్స్‌ఫార్మర్‌లో ఇనుము దండిగా ఉండాలి. రెండోది వేడి. పాత పద్ధతి ట్రాన్సిస్టర్లు సగం తెరుచుకుని పనిచేస్తాయి కాబట్టి చాలా శక్తి వేడిగా పోతుంది, దాన్ని చల్లార్చడానికి అల్యూమినియం రెక్కలు కావాలి. స్విచ్‌మోడ్ సప్లై ఆ కరెంటునే సెకనుకు పదివేల, లక్ష సార్లు తెంచి మారుస్తుంది. అప్పుడు అరచేతిలో పట్టే ట్రాన్స్‌ఫార్మర్ చాలు. క్లాస్ డీ సర్క్యూట్‌లో ట్రాన్సిస్టర్ పూర్తిగా తెరుచుకోవడమో పూర్తిగా మూసుకోవడమో తప్ప మధ్యస్థితిలో ఆగదు. అందుకే అందిన శక్తిలో 90 శాతం దాకా స్పీకర్‌కు చేరుతుంది.

వాల్టర్ వుడ్స్ 1970ల్లోనే స్విచ్‌మోడ్ సప్లైతో చిన్న ఆంప్‌లు చేసి జాజ్ బేసిస్టుల మన్నన పొందాడు. 1990ల్లో క్యూఎస్‌సీ పవర్‌లైట్ శ్రేణి ఆ సప్లైని ర్యాక్‌లోకి తెచ్చింది. ఇవాళ క్రౌన్ ఎక్స్‌ఎల్‌ఎస్ 1502 సుమారు నాలుగు కిలోలే ఉంటుంది. కంపెనీ లెక్కన అది ఛానెల్‌కు 8 ఓమ్‌ల దగ్గర 300 వాట్లు, 4 ఓమ్‌ల దగ్గర 525 వాట్లు ఇస్తుంది.

కంపెనీ లెక్క అనడానికి కారణముంది. కొనేవాళ్లు అన్నిటికన్నా ఎక్కువ నిదానించాల్సింది ఈ అంకెల దగ్గరే. వాట్లను ఎలా కొలిచారన్నదాన్ని బట్టి వాటి అర్థం మారిపోతుంది. కొందరు తయారీదారులు వెయ్యి హెర్ట్జ్ స్వరాన్ని 20 మిల్లీసెకన్ల పాటు పంపి, అప్పుడు దొరికిన శక్తిని పెట్టెమీద అచ్చువేస్తారు. నాలుగు తీగల బేస్‌లో అట్టడుగు 'ఈ' స్వరం 41 హెర్ట్జ్, అంటే ఒక్క కంపనం పూర్తవడానికే 24 మిల్లీసెకన్లు పడుతుంది. ఐదో తీగ 'బీ' 31 హెర్ట్జ్, దానికి 32 మిల్లీసెకన్లు. మన వాద్యంలో ఒక్క కంపనం ముగిసేలోపే ఆ పరీక్ష అయిపోయిందన్నమాట. డ్రమ్స్‌తో కలిపి నాలుగు మాత్రల సేపు స్వరాన్ని నిలబెట్టినప్పుడు ఆ ఆంప్ ఏం చేస్తుందో ఆ అంకె చెప్పదు. తేలిక ఆంప్‌లో ఒళ్లు లేదని పాతవాళ్లు అనే మాటలో నిజం ఇక్కడ ఉంది. మీటు గట్టిగానే పలుకుతుంది, కానీ సప్లైలో నిల్వ తక్కువైతే ఆ వెంటనే స్వరం కుంగిపోతుంది. కాబట్టి 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకూ, రెండు ఛానెళ్లూ నడుస్తుండగా, నిరంతరాయంగా ఎంత ఇస్తుందన్న అంకె కోసం వెతకాలి. ఆ అంకె చిన్నగానే ఉంటుంది. దాన్నే నమ్మాలి.

క్లాస్ డీకి సొంత చిక్కు ఒకటుంది. కొన్ని సర్క్యూట్లలో లోతైన స్వరం మోగుతున్నప్పుడు కొంత శక్తి వెనక్కి మళ్లి సప్లైలో చేరి అక్కడి ఓల్టేజీని పైకి నెడుతుంది. స్వరం దిగేకొద్దీ ఇది ఎక్కువవుతుంది, హద్దు దాటితే రక్షణ సర్క్యూట్ ఆంప్‌ను ఆపేస్తుంది. తెలిసిన ఇంజనీర్లు లోపల ఒక ఛానెల్‌ను తిరగేసి నడుపుతారు. అప్పుడు ఒకటి వెనక్కి నెట్టినదాన్ని రెండోది వాడేసుకుంటుంది. రెండు ఛానెళ్లూ కలిసి ఒకే స్వరాన్ని మోస్తేనే ఈ మేలు పూర్తిగా దక్కుతుంది.

అలా కలిపి వాడేటప్పుడు, రెండు ఛానెళ్లనూ ఒకటిగా చేసి నడిపే బ్రిడ్జ్ మోడ్ కన్నా ఛానెల్‌కు ఒక క్యాబినెట్ తగిలించడమే నాకు ఇష్టం. బ్రిడ్జ్‌లో వాట్లు ఘనంగా కనిపిస్తాయి, నిజమే. కానీ అప్పుడు స్పీకర్ ఇంపెడెన్స్ ప్రతి ఛానెల్‌కూ సగమే కనిపిస్తుంది. 4 ఓమ్‌ల క్యాబినెట్ తగిలిస్తే ఒక్కో ఛానెల్ 2 ఓమ్‌లు మోస్తున్నట్టే. 4 ఓమ్‌ల క్యాబినెట్లు రెండు కలిపితే ఒక్క ఓమ్, అక్కడ చాలా ఆంప్‌లు చేతులెత్తేస్తాయి. 8 ఓమ్‌ల క్యాబినెట్లు రెండు కొని, ఛానెల్‌కు ఒకటి ఇచ్చి, ప్రీఆంప్ సిగ్నల్‌ను రెండిటికీ పంచితే ఆంప్ చల్లగా నడుస్తుంది, పాట మధ్యలో ఒక ఛానెల్ పోయినా రెండోది కచేరీని గట్టెక్కిస్తుంది. స్పీకర్ తీగలకు స్పీకాన్ కనెక్టర్లే వాడాలి. 4 ఓమ్‌లలోకి 400 వాట్లంటే 40 ఓల్టులు, 10 ఆంపియర్లు. గిటార్ జాక్‌తో ఆడుకునే కరెంటు కాదది.

వాట్ల మీద మోజు తగ్గించే లెక్క ఇంకొకటి. శక్తి రెండింతలైతే పెరిగేది 3 డెసిబెల్‌లే. చెవికి రెండింతలు బిగ్గరగా తోచాలంటే పది రెట్ల శక్తి కావాలి. సెన్సిటివిటీ 3 డెసిబెల్‌లు ఎక్కువున్న క్యాబినెట్ తెచ్చుకోవడం ఆంప్‌ను రెట్టింపు చేయడంతో సమానం, పైగా స్పీకర్ కాయిల్ కాలదు. ప్రీఆంప్‌లోనో పవర్ ఆంప్‌లోనో 30 హెర్ట్జ్ ప్రాంతంలో హైపాస్ ఫిల్టర్ ఉంటే దాన్ని వేసి ఉంచాలి. చాలా బేస్ క్యాబినెట్లు ఆ లోతుల్లో వినపడేంత ధ్వని ఇవ్వవు, కోన్ మాత్రం ఊగి ఊగి శక్తిని తినేస్తుంది. లోతైన స్వరాల్లో మూల కంపనం కన్నా దాని రెట్టింపు దగ్గరి కంపనమే తరచుగా బలంగా ఉంటుంది, మిగతాది చెవి పూరించుకుంటుంది.

పవర్ ఆంప్ ముందున్న నాబ్‌ల గురించి ఒక మాట. అవి వాట్లను తగ్గించవు, ఎంత సిగ్నల్‌కు ఆంప్ తన పూర్తి బలం చేరాలో నిర్ణయిస్తాయి, అంతే. నాబ్ సగంలో పెట్టాను కాబట్టి స్పీకర్ క్షేమమని అనుకోకూడదు. స్పీకర్‌ను కాపాడేది లిమిటర్. ప్రీఆంప్ అవుట్‌పుట్ బలహీనంగా ఉంటే, 1.4 ఓల్టులకు బదులు 0.775 ఓల్టులకే పూర్తి బలం ఇచ్చే స్విచ్ ఉన్న ఆంప్ చూసుకోవాలి.

మన ఊళ్లలో వినాయక చవితి, దసరా పందిళ్లలో ఆర్కెస్ట్రాతో వాయించేవాళ్లకు వీటికి తోడు జనరేటర్ లెక్క కూడా ఉంటుంది. పాత ట్రాన్స్‌ఫార్మర్ ఆంప్‌లో 230 ఓల్టులు 200కి పడితే శక్తి దాదాపు నాలుగో వంతు పోతుంది. ఓల్టేజీని సరిదిద్దుకునే స్విచ్‌మోడ్ సప్లై ఉన్న ఆంప్ అక్కడ నిలబడుతుంది. అన్నిటికీ ఆ గుణం ఉండదు కాబట్టి వెనక ప్లేటు మీద ఏ ఓల్టేజీ నుంచి ఏ ఓల్టేజీ దాకా పనిచేస్తుందో చదవాలి. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన 120 ఓల్టుల ఆంప్‌ను చూడకుండా ప్లగ్గులో పెడితే పొగే మిగులుతుంది. మే నెల ఎండలో ఫ్యాన్ ముందునుంచి గాలి పీల్చి వెనక్కి వదిలే ఆంప్ మేలు. ర్యాక్ వెనక తలుపు తెరిచే ఉంచాలి, దుమ్ము జాలీని కచేరీకి ముందు తుడవాలి.

కొనేముందు మీ ప్రీఆంప్‌నూ మీ క్యాబినెట్‌నూ దుకాణానికి తీసుకెళ్లండి. పోల్చే ఆంప్‌లు రెండూ ఒకే స్థాయిలో మోగేలా సరిచేసుకోండి, లేకపోతే బిగ్గరగా ఉన్నదే బాగుందనిపిస్తుంది. అట్టడుగు తీగ మీటి స్వరాన్ని నిలబెట్టి, మీటును వదిలేసి దాని తోకను వినండి. అది ఒక్కసారిగా కుంగుతుందా, క్లిప్ లైటు ఎప్పుడు వెలుగుతుంది, పావుగంట గట్టిగా వాయించాక ఆంప్ పైభాగం మీద చెయ్యి ఆనించగలరా, ఆగిన క్షణంలో ఫ్యాన్ రొద ఎంత వినిపిస్తోంది, ఇవన్నీ గమనించండి. ఈ పరీక్షలో నెగ్గిన వాటిలో అన్నిటికన్నా తేలికైనది తెచ్చుకుని, లోతు సరిపోయే ర్యాక్ బ్యాగు కూడా అప్పుడే కొలిచి కొనండి.