ఇంటిపేరు చాలని వంశవృక్షం: కృష్ణా డెల్టా వలస కుటుంబాల వంశావళి రచన - ఒక విమర్శ

వ్యాససంగ్రహం

కృష్ణా డెల్టా నుంచి నిజాంసాగర్, తుంగభద్ర ఆయకట్టులకు వలసవెళ్ళిన వ్యవసాయ కుటుంబాలు తమ వంశవృక్షాలను ఇంటిపేరు ఆధారంగానే రాసుకుంటున్నాయి. పెళ్ళిసంబంధాలతో పెనవేసుకున్న ఈ కుటుంబాల విషయంలో ఆ పద్ధతి లోపభూయిష్ఠమని, ఊరిని ప్రమాణంగా తీసుకొని స్త్రీల మీదుగా సాగే సంబంధాలను గుర్తించినప్పుడే వంశావళి చరిత్రకు ఆధారం కాగలదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వంశావళి, ఇంటిపేరు, మేనరికం, వలస, క్యాంపు, కృష్ణా డెల్టా, చదివింపులు.

ఉపోద్ఘాతం

బెజవాడ వద్ద ఆనకట్ట 1855లో పూర్తయ్యాక కృష్ణా డెల్టాలో మాగాణి విస్తరించింది. రెండు మూడు తరాలు గడిచేసరికి అన్నదమ్ముల పంపకాల్లో కమతాలు చిన్నవయ్యాయి, భూమి ధర మాత్రం పెరిగింది. నిజాం రాజ్యంలో మంజీరా నది మీద 1923లో మొదలైన నిజాంసాగర్ నిర్మాణం 1931లో పూర్తయింది. 1953లో తుంగభద్ర నీళ్ళు కాలువలకెక్కాయి. డెల్టాలో ఒక ఎకరం అమ్మితే అక్కడ అనేక ఎకరాలు కొనగలిగిన రోజులవి. కృష్ణా, గుంటూరు, పశ్చిమ గోదావరి జిల్లాల రైతులు బోధన్, వర్ని, కోటగిరి ప్రాంతాలకూ, ఆ తర్వాత కర్ణాటకలోని గంగావతి, సింధనూరు ప్రాంతాలకూ తరలివెళ్ళారు. అక్కడ వారు కట్టుకున్న ఊళ్ళను ఇప్పటికీ 'క్యాంపు'లనే అంటారు. మూడు నాలుగు తరాలుగా స్థిరపడిన ఊరికి తాత్కాలిక విడిదిని సూచించే మాట నిలిచిపోవడం భాషాశాస్త్ర విద్యార్థి గమనించదగిన విషయం.

ఈ కుటుంబాల వారసులు ఇటీవల వంశవృక్షాలు అచ్చువేయించుకోవడం పెరిగింది. షష్టిపూర్తికో, గృహప్రవేశానికో, విదేశాల నుంచి పిల్లలు వచ్చినప్పుడో బంధువులకు పంచే చిన్న పుస్తకాలివి. పరిశోధకులు వీటిని ఇంటి వ్యవహారంగా భావించి పక్కన పెడుతున్నారు. అది పొరపాటని నా అభిప్రాయం. వలసను స్వయంగా చూసిన తరం దాదాపు వెళ్ళిపోయింది. ప్రభుత్వ పత్రాలను మినహాయిస్తే రేపటి చరిత్రకారుడికి మిగిలేవి ఎక్కువగా ఈ పుస్తకాలే. అందుకే వీటి నిర్మాణపద్ధతిని విమర్శకు పెట్టవలసి ఉంది.

ఇంటిపేరు ఏం చెబుతుంది?

ఈ పుస్తకాలన్నిటికీ పునాది ఒక్కటే: ఒకే ఇంటిపేరు గలవారు ఒకే మూలపురుషుడి సంతతి. ఈ పునాది ఎంత బలహీనమో కంకిపాడు పరిసరాల ఊళ్ళ పేర్లతోనే చూపవచ్చు. దావులూరు ఔపవిభక్తిక రూపం దావులూరి, తెన్నేరు ఔపవిభక్తిక రూపం తెన్నేటి. రెండూ ఇంటిపేర్లుగా ప్రసిద్ధాలే. దావులూరులో ఉన్నంతకాలం ఎవరినీ ప్రత్యేకించి దావులూరివారనవలసిన పనిలేదు, ఊరంతా దావులూరివారే. ఊరు విడిచి మరో ఊరు చేరినప్పుడే ఆ పేరుకు ప్రయోజనం. అంటే గ్రామనామం నుంచి వచ్చిన ఇంటిపేరు రక్తసంబంధాన్ని కాదు, ఒక పాత వలసను నమోదు చేస్తుంది. ఒకే ఊరి నుంచి వేర్వేరు కాలాల్లో, వేర్వేరు కులాలవారు బయటికి వెళ్ళినా అందరికీ అదే ఇంటిపేరు రావచ్చు. పైగా దావులూరు ఒక్కటే కాదు. కంకిపాడు మండలంలో ఒకటి ఉంటే గుంటూరు జిల్లా కొల్లిపర మండలంలో మరొకటి ఉంది. ఇంటిపేరు మాత్రమే చూసి ఈ రెండు ఊళ్ళ సంతతినీ ఒకే చెట్టుకు కట్టేస్తే పుట్టేది వంశవృక్షం కాదు, అంటుమామిడి.

భూమి రికార్డులు, బడి రిజిస్టర్లు వచ్చాక ఇంటిపేరు గడ్డకట్టింది. బోధన్ వెళ్ళిన దావులూరివారు కొత్త ఇంటిపేరు పొందలేదు. మౌఖిక వ్యవహారం మాత్రం పాత సూత్రాన్ని వదల్లేదు. క్యాంపుల్లో మనిషిని అసలు ఊరితో గుర్తుపట్టడం ఇప్పటికీ ఉంది: 'కంకిపాడు వాళ్ళు', 'ఉయ్యూరు వాళ్ళు' అంటారు. కాగితం మీదికి ఎక్కని ఈ రెండో ఇంటిపేరే పరిశోధకుడికి ఎక్కువ పనికివస్తుంది. అచ్చువేసిన వంశవృక్షాల్లో అది కనిపించదు.

వ్యక్తినామాల చిక్కు మరొకటి. పెద్ద మనవడికి తాత పేరు పెట్టే ఆచారం వల్ల సుబ్బయ్య కొడుకు రామయ్య, రామయ్య కొడుకు సుబ్బయ్య, మళ్ళీ ఆయన కొడుకు రామయ్య అవుతారు. దస్తావేజులో 'రామయ్య గారి కుమారుడు సుబ్బయ్య' అని కనిపిస్తే తాతా, మనవడా అన్నది తేదీ చూస్తే తప్ప తేలదు. ఒక తాతకు నలుగురు కొడుకులుంటే నాలుగిళ్ళలోనూ ఆయన పేరే వెలుస్తుంది. ఇద్దరిని ఒకరిగా కలిపేయడం, ఒకరిని ఇద్దరుగా చీల్చడం తేదీలు వేయని వంశవృక్షాల్లో అనివార్యం.

స్త్రీల మీదుగా నడిచిన చరిత్ర

వంశం కొడుకుల మీదుగానే నడుస్తుందన్న భావనను మన చరిత్రే ఒప్పుకోదు. రాజమహేంద్రవర రెడ్డిరాజ్యాన్నే తీసుకుందాం. కొండవీటి కుమారగిరిరెడ్డి తన చెల్లెలు మల్లాంబిక భర్త, మంత్రి అయిన కాటయవేమునికి రాజమహేంద్రవర ప్రాంతాన్ని ఇచ్చాడు. కాటయవేముని కూతురు అనితల్లి. ఆమె భర్త, అల్లాడరెడ్డి కొడుకు వీరభద్రారెడ్డి. శ్రీనాథుడి కాశీఖండానికి కృతిపతి ఈయనే. పురుషరేఖ మాత్రమే గీస్తే ఇక్కడ మూడు వేర్వేరు కుటుంబాలు, వాటి మధ్య అర్థంకాని ఖాళీలు కనిపిస్తాయి. మల్లాంబికనూ అనితల్లినీ చేర్చగానే అది ఒకే అధికారచరిత్ర అవుతుంది. కాకతీయుల పతనం తర్వాతి ముసునూరి నాయకుల చరిత్రకు ముఖ్యమైన ఆధారమని చరిత్రకారులు భావించే 1423 నాటి కలువచేరు శాసనాన్ని వేయించింది అనితల్లి కావడం కాకతాళీయం కాదనిపిస్తుంది.

మన కావ్యావతారికల్లోని కృతిపతి వంశవర్ణన కూడా ఇక్కడ గుర్తుకు రావాలి. అది స్తోత్రప్రాయమే, సందేహం లేదు. అయినా ఫలానావారికి ఫలానా ఇల్లాలి వల్ల ఫలానావారు జన్మించారని చెప్పే మర్యాద అందులో ఉంది. తల్లి పేరు చెప్పకుండా కొడుకును పుట్టించడం ప్రబంధకవికి చేతకాదు. ఇప్పటి రంగుల వంశవృక్షాలు ఆ పని సునాయాసంగా చేస్తున్నాయి. ఎన్నో పుస్తకాల్లో కోడళ్ళకు పేరుంటుంది, పుట్టింటి ఇంటిపేరు ఉండదు. కూతుళ్ళ దగ్గర కొమ్మ తెగిపోతుంది.

పొగడ్త కోసం రాసినదానికన్నా తగాదా కోసం రాసినది నమ్మదగిన వంశావళి కావడం మరో విశేషం. అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడి దాతృత్వం గురించి కథలకు కొదవలేదు. ఆయన ఇద్దరిని దత్తత తీసుకున్నారు. వారి హక్కుల వివాదం ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళి 1846లో తేలింది. మొదటి దత్తపుత్రుడు జీవించి ఉండగా రెండో దత్తత చెల్లదన్న సూత్రాన్ని స్థిరపరచిన ఆ తీర్పు హిందూ న్యాయశాస్త్రంలో 'రంగమ్మ వర్సెస్ అచ్చమ్మ' కేసుగానే ప్రసిద్ధం. వంశకీర్తి గాథల్లో ఎక్కడా ముందువరుసలో నిలబడని ఇద్దరు స్త్రీల పేర్లు న్యాయస్థానం పుణ్యమా అని శాశ్వతమయ్యాయి. కొత్త భావయ్య చౌదరి 'కమ్మవారి చరిత్రము' వంటి కులచరిత్రలు పెమ్మసాని, రావెళ్ల, వాసిరెడ్డి మొదలైన పాలక వంశాలను కేంద్రంగా చేసుకున్నాయి. వాటి శ్రమను తక్కువ చేయనక్కర్లేదు. కానీ ఆ నమూనానే అనుకరిస్తూ సామాన్య రైతుకుటుంబం కూడా తన మూలపురుషుణ్ణి ఏదో ఒక కోటలో వెతుక్కోవడం మొదలుపెట్టింది. క్యాంపులో కాలువ తవ్వుకుని బతికిన ముత్తాత కన్నా కత్తిపట్టిన ఊహాపురుషుడే ముద్దవుతున్నాడు.

ఇక మేనరికం. మేనమామ కూతుర్ని, మేనత్త కూతుర్ని, అక్క కూతుర్ని చేసుకునే సమాజంలో వంశావళి చెట్టు ఆకారంలో ఉండదు. 'అత్త' అన్న ఒక్క మాట తండ్రి తోబుట్టువుకూ, మేనమామ భార్యకూ, భార్య తల్లికీ చెల్లుతుంది. ఇది పదదారిద్ర్యం కాదు. ఆ ముగ్గురూ ఒకే మనిషి కాగల ఏర్పాటు అది. న్యూయార్క్ న్యాయవాది లూయిస్ హెన్రీ మోర్గాన్ 1871లో ప్రచురించిన బృహద్గ్రంథంలో అమెరికాలోని ఇరోక్వా ప్రజల బంధుత్వ పదాలకూ తమిళ, తెలుగు పదాలకూ మధ్య పోలికను చూసి ఆశ్చర్యపోయాడు. 1981లో టామస్ ట్రౌట్‌మన్ ద్రావిడ బంధుత్వ వ్యవస్థను చారిత్రకంగా వివరించాడు. ఇంత చర్చ జరిగినా మన వంశావళి రచయితలు 'వరస' అన్న సొంత భావనను వదిలి, కొమ్మ మళ్ళీ కొమ్మను కలవని పరాయి చెట్టు బొమ్మనే గీస్తున్నారు. అక్క కూతుర్ని పెళ్ళాడిన వ్యక్తి ఆ బొమ్మలో ఏ తరంలో ఉండాలి? తమ్ముడిగా ఒక వరుసలో ఉన్నవాడే అల్లుడిగా కింది వరుసలోకి దిగాలి. సాధారణంగా రచయిత ఒక సంబంధాన్ని చెరిపేసి చిక్కు విప్పుకుంటాడు.

వలసలో ఈ సంబంధాల పని మరింత పెద్దది. ఒక ఊహా ఉదాహరణ: పునాదిపాడు నుంచి ఒక రైతు వర్ని ప్రాంతానికి వెళ్ళాడనుకుందాం. రెండేళ్ళకు ఈడుపుగల్లులోని బావమరిదిని రమ్మంటాడు. ఆ బావమరిది వెంట అతని తోడల్లుడు తెన్నేరు నుంచి వస్తాడు. వచ్చినవారు మూడు ఊళ్ళవారు, ఇంటిపేర్లు మూడు. వారిని కలిపింది ఇద్దరు అక్కచెల్లెళ్ళు, ఒక ఆడపడుచు. అక్కడి భూమి కొనడానికి పెట్టుబడి, పసుపు కుంకుమల కింద ఆడపిల్లకు వచ్చిన ఎకరం అమ్మగా వచ్చిన సొమ్మే కావచ్చు. ఇంటిపేరు పుస్తకం రాస్తే ఈ కథ మూడు పుస్తకాల్లోకి చెదిరిపోతుంది, ఏ పుస్తకంలోనూ వలసకు కారణం దొరకదు.

న్యూ హేవెన్ నుంచి నేర్చుకోదగినది

అమెరికాలోని తొలి ఆంగ్ల వలస కుటుంబాల వంశావళి పరిశోధన ఇదే చిక్కును ఎదుర్కొంది. బోస్టన్‌లో 1845లోనే అందుకోసం ఒక సంస్థ ఏర్పడింది. తొలినాటి గ్రంథాలు ఎక్కువగా ఒక్కొక్క ఇంటిపేరు చుట్టూ అల్లినవే. గుస్టావ్ అంజూ వంటి మోసగాళ్ళు డబ్బున్నవారికి యూరపు ప్రభువంశాలతో చుట్టరికాలు కల్పించి అమ్ముకున్నారు. డొనాల్డ్ లైన్స్ జాకబస్ ఈ ధోరణిని ఎదిరించాడు. 1922 నుంచి 1932 వరకు ఆయన ప్రచురించిన న్యూ హేవెన్ పురాతన కుటుంబాల సంపుటాల ప్రత్యేకత ఏమిటంటే, ఆయన ఒక వంశాన్ని కాక ఒక ఊరిని తీసుకున్నాడు. కొద్దిపాటి కుటుంబాలు తరతరాలుగా తమలో తాము పెళ్ళిళ్ళు చేసుకున్న చోట ఒక కుటుంబాన్ని విడదీసి రాయడం కుదరదు. ఊరంతటినీ ఒకేసారి రాస్తే ఒక ఇంటి ఆధారం మరో ఇంటి తప్పును పట్టిస్తుంది. క్యాంపులకు ఇంతకన్నా తగిన పద్ధతి నాకు కనిపించడం లేదు.

అయితే అమెరికా పద్ధతిలోని మౌనాలను కూడా దిగుమతి చేసుకోనక్కర్లేదు. అక్కడి జనాభా లెక్కల్లో 1850కి ముందు ఇంటియజమాని పేరే ఉండేది. 1850, 1860లలో బానిసలను యజమాని పేరు కింద, సాధారణంగా వారి పేర్లు లేకుండానే, వయసుతో లెక్కించారు. 1638లో వలసవాళ్ళు దిగిన న్యూ హేవెన్ నేల క్విన్నిపియాక్ ప్రజలది. వలస కుటుంబాల వంశావళి ఎంత శాస్త్రీయంగా ఉన్నా, ఆ నేల అంతకుముందు ఎవరిదన్న ప్రశ్న దాని పుటల వెలుపలే మిగిలిపోగలదు. మన పుస్తకాల్లో ఆ పని చేస్తున్న మాట 'బీడు'. వారు వెళ్ళేసరికి అదంతా బీడు అని ప్రతి వలస గాథా చెబుతుంది. ఆ బీడులో ఎవరి పశువులు మేసేవో, వానాకాలంలో ఎవరు జొన్న వేసుకునేవారో అడిగిన పుస్తకం నా కంటపడలేదు.

కాల్పనిక సాహిత్యం ఈ విషయంలో వంశచరిత్ర కన్నా నిజాయితీగా ఉంది. వాసిరెడ్డి సీతాదేవి 'మట్టిమనిషి'లో తరాల కథను మలుపు తిప్పేది కోడలిగా వచ్చిన వరూధిని. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో వంశప్రతిష్ఠ అన్న మాటే సీతారామారావు ఆస్తినీ, అతణ్ణీ తినేస్తుంది. 1997లో తానా బహుమతి పొందిన చంద్రలత 'రేగడి విత్తులు' నేరుగా కోస్తా రైతుల తెలంగాణ వలసనే తీసుకుంది. వీటిపై పరిశోధనలు ఉన్నాయి కనుక ఇక్కడ విస్తరించను.

ఏ కాగితాలు చూడాలి?

రిజిస్ట్రార్ కార్యాలయపు దస్తావేజులు, దత్తత పత్రాలు, ఇల్లరికపు ఒప్పందాలు అవసరమే. 1956 వారసత్వ చట్టం, కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు కల్పించిన 1986 నాటి ఆంధ్రప్రదేశ్ సవరణ తర్వాత ఆడపిల్లల సంతకాలు పత్రాల్లో పెరగడం పరిశోధకుడికి కలిసివచ్చే అంశం. వంశరాజులుగా నేడు వ్యవహరిస్తున్న పిచ్చిగుంట్లవారి వంటి గోత్రగాయకుల జ్ఞాపకాన్ని కూడా సేకరించాలి. అయితే వారు చదివేది దాతను మెప్పించే పాఠమని మరవకూడదు.

నా దృష్టిలో వీటన్నిటికన్నా విలువైనవి రెండు. ఒకటి శుభలేఖ. అందులో రెండు వైపుల తాతల పేర్లు, అసలు ఊరు, ప్రస్తుత నివాసం, తేదీ ఒక్కచోట దొరుకుతాయి. రెండోది చదివింపుల పుస్తకం. పెళ్ళిపందిట్లో ఎవరు ఏ ఊరి నుంచి వచ్చి ఎంత చదివించారో ఒక బంధువు కూర్చుని రాసే ఈ పుస్తకానికి వంశకీర్తితో పనిలేదు. రేపు వారింట శుభకార్యానికి తిరిగి ఎంత చదివించాలో తెలియడమే దాని ప్రయోజనం. అందువల్ల అందులో అబద్ధానికి అవకాశం తక్కువ. పుట్టింటివారు, మెట్టింటివారు, తోడల్లుళ్ళు, వియ్యాలవారు, ఇంటిపేరు పుస్తకం తెంచేసిన కొమ్మలన్నీ అక్కడ ఊళ్ళ పేర్లతో సహా వరసగా ఉంటాయి. ఒక క్యాంపులోని పది ఇళ్ళ చదివింపుల పుస్తకాలను, శుభలేఖలను ఒకచోట చేర్చి పోల్చితే ఆ ఊరి వంశావళికి ముసాయిదా సిద్ధమవుతుంది. పెళ్ళి లెక్కలు అదే నోటుపుస్తకంలో రాసి ఉంటే చివరి పుటలను కూడా నకలు చేసుకోవాలి. వంటవాళ్ళకు, చాకలికి, మంగలికి, డెల్టా నుంచి రైతు వెంట వచ్చిన పాలేరుకు ఇచ్చిన డబ్బు లెక్క అక్కడే ఉంటుంది. వారికి ఇంటిపేరు రాయరు. ఆ పేర్ల పక్కన ఊరినీ, ఇంటిపేరునూ చేర్చే క్షేత్రపరిశోధన ఇప్పుడైతే సాధ్యమే. వారి పిల్లలు, మనవలు చాలామంది ఇంకా ఆ క్యాంపుల్లోనే ఉన్నారు.