పుట్టింటి పద్దు

మా ఆఫీసులో కొత్తగా పెళ్ళయిన అమ్మాయిలు నెల తప్పిన కబురు నలుగురికీ చెప్పిన కొద్ది రోజులకి నా దగ్గరికొచ్చి ఒక మాట అడుగుతారు: ‘‘అక్కా, సెలవు పెట్టేలోపు చేతిలో ఎంత ఉండాలంటావు?’’ నాకు ఇంటి పద్దులు రాసే అలవాటుందని వాళ్ళకి తెలుసు. నేను వెంటనే అంకె చెప్పను. ‘‘పురుడు ఎక్కడ?’’ అని అడుగుతాను. దాదాపు అందరూ ‘‘అమ్మ దగ్గరే’’ అంటారు, ఇంక డబ్బుకి ఇబ్బందేముంటుందన్న ధీమాతో. అయితే ముందు అమ్మ పేరున ఒక పేజీ తెరవమంటాను.

మన ఇళ్ళల్లో ప్రసూతి సెలవుని గట్టెక్కించేవి రెండు. ఒకటి ఆఫీసు ఇచ్చే జీతం, రెండోది పుట్టిల్లు. మొదటిదానికి చట్టం ఉంది, జీతం స్లిప్పు ఉంది. రెండోదానికి చిన్న కాగితమ్ముక్క కూడా ఉండదు. నా బాధంతా ఆ రెండోదాని గురించే.

జీతం సంగతి ముందు చెప్పేస్తాను. నేను సెలవు పెట్టింది 2019లో. అంతకు రెండేళ్ళ ముందే, 2017లో, 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి జీతంతో కూడిన సెలవుని 12 వారాల నుంచి 26 వారాలకి పెంచారు. మొదటి ఇద్దరు పిల్లల వరకూ 26, ఆ పైన 12. 26 వారాల్లో కాన్పుకి ముందు 8 వారాలకి మించి వాడుకోవడానికి లేదు. కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. నెల జీతం 21,000 లోపు ఉండి ఇఎస్‌ఐలో ఉన్నవాళ్ళకి ఆ డబ్బు యజమాని కాకుండా ఇఎస్‌ఐ ఇస్తుంది. నాకు జీతం నెలనెలా పడింది, కానీ ఆఫీసుకి వెళ్తేనే ఇచ్చే అలవెన్సులు ఆగిపోయాయి. చేతికొచ్చేది ఎంతో సెలవుకి ముందే అకౌంట్స్ వాళ్ళని అడిగి, కాగితం మీద రాయించుకోవడం మంచిది. ఇది అరగంట పని. దీనికి ఇంతకంటే బుర్ర పెట్టక్కర్లేదు.

బుర్ర పెట్టాల్సింది పద్దు దగ్గర. మా తాతగారికి పిఠాపురంలో కిరాణా కొట్టు ఉండేది. చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలు రాసేవారు. రోజంతా జరిగింది జరిగినట్టు చిట్టాలో పడేది. రాత్రి కొట్టు కట్టేశాక దీపం దగ్గర కూర్చుని ఎవరి ఖాతాకి ఎంత చెందుతుందో ఆవర్జాలోకి ఎక్కించేవారు. నేను నేర్చుకున్నది అదే. ఈ కాలంలో చిట్టాని మనం రాయక్కర్లేదు, ఫోనే రాసిపెడుతుంది. ఏ రోజు ఏ కొట్లో ఎంత ఇచ్చామో పైసలతో సహా ఉంటుంది. ఆవర్జా మాత్రం మనిషి కూర్చుని రాయాల్సిందే. ఈ ఖర్చు ఎవరిది, ఎవరి కోసం, ఎవరి జేబులోంచి పోయింది అన్నది ఫోనుకి తెలియదు.

కాకినాడలో అమ్మానాన్నల దగ్గరున్న ఆ నెలల్లో నా ఫోను చిట్టా దాదాపు ఖాళీ. ఇంట్లో మాత్రం ఖర్చు ఉదయం ఏడింటికే మొదలయ్యేది. నీళ్ళు పోసే ఆమె వచ్చేది. స్నానాల గదిలో పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, పాపని కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి, నూనె రాసి, శనగపిండి నలుగు పెట్టి, చెయ్యి అడ్డం పెట్టి ముక్కులోకి చుక్క పోకుండా నీళ్ళు పోసేది. ఆ తర్వాత సాంబ్రాణి పొగ. పాప నిద్రపోయాక నా వంతు. ఆమెకి వారం వారం ఇచ్చే డబ్బు, బారసాలకి చీర, పని మానే రోజున బియ్యం, పప్పు, అన్నీ అమ్మే ఇచ్చింది. నాన్న మార్కెట్టుకి వెళ్ళి పాలసొర తెచ్చేవారు. బాలింత తింటే పాలు పడతాయని మా వైపు నమ్మకం, అందుకే దాని ధర మామూలు చేపల కంటే ఎప్పుడూ ఒక మెట్టు పైనే. నెయ్యి, సొంటి, వెల్లుల్లి, నువ్వుల నూనె ఇంటికి సరిపోయేవి కాస్తా రెట్టింపయ్యాయి. ఎండలు ముదిరాక మా గదిలో ఏసీ రాత్రింబవళ్ళు ఆడింది. శనివారం గౌతమి రైల్లో అల్లుడొస్తున్నాడంటే వేటమాంసం. ఇరవై ఒకటో రోజు బారసాలకి ఉయ్యాల, పాపకి వెండి మొలతాడు, అత్తవారి వైపు వాళ్ళకి బట్టలు.

నాన్న రిటైరైన టీచరు. పెన్షన్ మీద నడిచే ఇల్లు.

అదే సమయంలో హైదరాబాదులో మా ఇంటి ఆవర్జా చూస్తే ఏముంది? సరుకుల ఖర్చు సగానికి పడింది, పనమ్మాయి జీతం లేదు, గ్యాస్ లేదు, కరెంటు నామమాత్రం. నా జీతం కొంచెం తగ్గినా నెలాఖరుకి మిగులు పెరిగింది. ఫర్వాలేదు, బాగానే లాక్కొస్తున్నాం అని మా ఆయన ధైర్యం చెప్పారు. ఆయన మాటలో దురుద్దేశం లేదు. పుస్తకంలో ఉన్నది చూసి అన్నారు. కానీ ఆ మిగులు మాది కాదు. ఒక పెన్షనరు ఇంట్లోంచి ఇద్దరు జీతగాళ్ళ ఇంట్లోకి నడిచొచ్చిన డబ్బది. తొలికాన్పు పుట్టింట్లో జరగాలన్న ఆచారాన్ని నేను తప్పుపట్టను. ఆ నెలల్లో అమ్మ పక్కన ఉండటం కంటే బాలింతకి కావాల్సిందేముంది? అయితే ఆచారం మనిషి తోడుని ఇమ్మంది. దాంతోపాటు బిల్లులన్నీ ఆ ముసలి ప్రాణాల మీద పెట్టమని ఎందుకు అర్థం చేసుకున్నామో నాకు అంతుపట్టదు.

‘‘ఎంతయింది నాన్నా?’’ అని అడిగితే ఏ తండ్రీ చెప్పడు. ‘‘కూతురి పురుటికి లెక్క రాస్తారా ఎవరన్నా?’’ అన్నారు మా నాన్న. అందుకని మొత్తం అడగడం మానేసి, వస్తువుల్ని అడగాలి. కరెంటు బిల్లుని కిందటేడాది అదే నెల బిల్లు పక్కన పెడితే, తేడా మాది. సిలిండరు ఎన్నాళ్ళకి మారుతోందో వంటింటి క్యాలెండరు మీద అమ్మ గీసిన గీతలే చెప్తాయి. పాలవాడి కార్డు చూస్తే అదనపు లీటర్లు తేలతాయి. నీళ్ళు పోసే ఆమె జీతం ఆమెనే అడగవచ్చు. ఇలా కూర్చితే కచ్చితమైన అంకె రాకపోయినా, ఆవర్జాలో రాయగలిగినంత నిజం వస్తుంది.

నీళ్ళు పోసే ఆమె గురించి ఒక మాట చెప్పి ముందుకి వెళ్తాను. ఆమె కోడలు బట్టల కొట్లో పనిచేసేది, యజమాని కాకుండా నలుగురున్న కొట్టు. చట్టం వర్తించాలంటే పదిమంది ఉండాలి. కాబట్టి కడుపుతో ఉన్న అమ్మాయి పని మానిన రోజే జీతం కూడా మానింది. ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద మొదటి బిడ్డకి 5,000 రూపాయలు, అదీ విడతల్లో, పేరు రాయించుకుంటేనే. ఆ అమ్మాయి ఒక్క నెల జీతానికి కూడా అది చాలదు. నా 26 వారాల జీతం గురించి మాట్లాడేటప్పుడల్లా నా కళ్ళముందు ఆ అమ్మాయి ఉంటుంది. ప్రసూతి సెలవు పెద్ద ఆఫీసుల సదుపాయంగా మిగిలిపోకూడదు. చిన్న కొట్ల యజమానులు భరించలేకపోతే ప్రభుత్వం భరించాలి, అందులో నాకు రెండో ఆలోచన లేదు.

మళ్ళీ మా పద్దుకి వస్తే, ఆసుపత్రి బిల్లు మాత్రం మేమే కట్టాం, ముందే మాట్లాడుకుని. ఆఫీసు గ్రూపు పాలసీలో ప్రసవానికి 50,000 పరిమితి ఉంది. మేం వెళ్ళిన ఆసుపత్రి బీమా వాళ్ళ జాబితాలో లేదు, అందుకని డబ్బు ముందు కట్టి తర్వాత తెచ్చుకోవాల్సి వచ్చింది. అంటే క్లెయిమ్ వచ్చేదాకా ఆ మొత్తం ఎవరి దగ్గర్నుంచి కదులుతుందో ముందే అనుకోవాలి. లేదంటే అది కూడా పుట్టింటి బాధ్యతే అయిపోతుంది. పుట్టిన వెంటనే బిడ్డ పేరు పాలసీలో చేర్పించడం మరవకూడదు. పచ్చకామెర్లకి లైట్ల కింద పెడితే ఆ బిల్లు బిడ్డ పేరున వస్తుంది. పుట్టుక 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే జరిమానా ఉండదు. ఆరు, పది, పద్నాలుగో వారాల టీకాలు ప్రైవేటులో వేయిస్తే ప్రతిసారీ వేలల్లోనే. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితం, 2021లో న్యూమోకాకల్ టీకా కూడా దేశమంతా ఆ ఉచిత జాబితాలోకి వచ్చింది.

చాలామంది కాన్పు నెలకి డబ్బు దాచుకుంటారు. నిజానికి ఎక్కువ బిగుసుకునేది తిరిగి ఉద్యోగంలో చేరే నెల. పాపని చూసుకునే మనిషికి అడ్వాన్సు, లేదా క్రెష్‌కి డిపాజిటు, ఆటో ఖర్చులు, బిగుతైపోయిన బట్టలు, వీటన్నిటి తర్వాత ముప్పయ్యో తారీఖున గానీ జీతం పడదు. నేను సెలవుని ఇంకొంత పొడిగించుకున్నాను, జీతం లేకుండా. జీతం ఆగితే పీఎఫ్ కూడా ఆగుతుంది. ఆ సంగతి చాలా ఇళ్ళల్లో ఎవరికీ పట్టదు. ఎందుకంటే ఆయన జీతంలోంచి ఫ్లాటు వాయిదా, ఆమె జీతంలోంచి సరుకులు, ఫీజులు అని పంచుకునే ఇళ్ళే ఎక్కువ. పదేళ్ళు గడిచాక ఆయన పేరున ఇల్లుంటుంది, ఆమె కొన్నవన్నీ తినేసి ఉంటారు. ఆమె సెలవులో ఉన్నప్పుడు తగ్గేది ఆమె సంపాదన కాదు, ఆ ఇంటి సంపాదన. బిడ్డ ఇద్దరిదీ అయినప్పుడు ఆ లోటు ఒక్క ఖాతాలోనే ఎందుకు కనపడాలి? ఈ మాట ఇంట్లో గట్టిగానే నడిచింది. చివరికి జీతం లేని ఆ నెలలకి నా పీపీఎఫ్ ఖాతాలో మా ఆయన జీతంలోంచి డబ్బు వేశాం.

ఇక కాకినాడ బాకీ. డబ్బు పంపితే నాన్న తిప్పి పంపేశారు, కొంచెం నొచ్చుకున్నారు కూడా. లెక్క కోసం అమ్మని గుచ్చి గుచ్చి అడుగుతున్నప్పుడు ఇంకో సంగతి బయటపడింది. నా పురుటి కోసం ఆమె వీధిలో వేసిన లక్ష రూపాయల చీటీ ఎత్తింది. ఇంకా మొదటి నెలలే కాబట్టి పాటలో తగ్గింపు బాగా పోయింది. ఎత్తాక ఆఖరిదాకా వాయిదా కట్టుకుంటూ పోవాల్సిందే, ఆమె చీర కొనుక్కోవడం మానేసి కడుతోంది. మా ఆయనకి చెప్పాను. ఆయన నేరుగా చీటీ నడిపే ఆవిడ నెంబరు తీసుకున్నారు. ఆ నెల నుంచి ఐదో తారీఖున మిగిలిన వాయిదాలన్నీ మా ఇంటి నుంచే వెళ్ళాయి. ఆవిడ అమ్మ పేరునే జమ రాసుకుంది. నాన్నకి తెలిసేసరికి చాలావరకు కట్టేశాం. మా ఆవర్జాలో మాత్రం దాన్ని కానుకల్లో గానీ, అమ్మకి సాయం అని గానీ రాయలేదు. ‘పురుటి ఖర్చు’ అని, ఫ్లాటు వాయిదా కింద వరుసలో రాశాం.