ప్రశ్నకు చోటులేని సదస్సులు

విశ్వవిద్యాలయ సదస్సుల ఆహ్వానపత్రాలను కూడా సాహిత్య పాఠాల్లాగే చదవాలనిపిస్తుంది నాకు. ప్రారంభసభ, కీలకోపన్యాసం, పత్రసమర్పణలు, సన్మానాలు. భోజనాలయ్యాక, సగం హాలు ఖాళీ అయిన వేళకు ‘స్త్రీవాద సాహిత్యం’. వేదికమీద స్త్రీలెందరో మనం లెక్కపెడుతూనే ఉన్నాం. ప్రశ్నలకు ఎన్ని నిమిషాలు మిగిలాయో మాత్రం లెక్కపెట్టడం లేదు. సదస్సుకు అసలు కొలత అదేనని నా వాదన.

మా పడమటి కర్నూలు ప్రాంతంలో, జొన్నగిరి దగ్గరి ఎర్రగుడి బండలమీద, క్రీ.పూ. 3వ శతాబ్దపు అశోకుని శాసనాలున్నాయి. రజ్జుకులనే అధికారులు రాజు మాటను భేరి మోగించి జనపదాలకు వినిపించాలని అక్కడి లఘుశాసనం చెబుతుంది. బహిరంగ ఉపన్యాసానికి మన నేలమీద ఇది చాలా పాత ఆనవాలు. ఆ పక్కనే ఉన్న పెద్ద శాసనాల్లో తొమ్మిదోది స్త్రీల గురించి మాట్లాడుతుంది. జబ్బులకు, పెళ్లిళ్లకు, కాన్పులకు, ప్రయాణాలకు జనం రకరకాల మంగళకర్మలు చేస్తారనీ, అందులోనూ స్త్రీలు చేసేవి ఎన్నో ఉంటాయనీ, అవన్నీ అల్పమైనవి, అర్థంలేనివనీ అంటుంది. బదులుగా బోధించిన ధర్మం మంచిదే: దాసులను, సేవకులను సరిగా చూడటం, గురువులను గౌరవించడం. కానీ కాన్పంటే ప్రాణగండమైన కాలంలో ఆ స్త్రీ ఆ కర్మ ఎందుకు చేసిందో చెప్పుకునే చోటు ఆ బండమీద లేదు. ఆమె గురించి మాట్లాడారు, ఆమెతో మాట్లాడలేదు.

మన ప్రాంగణాల్లో భేరి పోయి మైకు వచ్చింది. ఏర్పాటు పెద్దగా మారలేదు. యూజీసీ 2018 నిబంధనల్లో జాతీయ సదస్సులో చదివిన పత్రానికి 3 పాయింట్లు, రాష్ట్రస్థాయిలో అయితే 2. వినడానికి, అడగడానికి పాయింట్లు లేవు. అందుకే ఒక్కొక్కరికి ఏడెనిమిది నిమిషాలిచ్చి పత్రాలు చదివించేస్తారు. కోత పడేది చర్చకే.

కరువు కథల్లో స్త్రీ పాత్రల గురించి ఒక పత్రం విన్నాను. మగవాడు వలసపోతే ఇంట్లో ఎదురుచూసే స్త్రీ ఆ పత్రానికి కేంద్రం. ఆదోని వైపునుంచి వచ్చిన ఎమ్మే విద్యార్థిని లేచి అడిగింది: “మా అమ్మ సుగ్గికి పోతాది సార్, మిరపకాయలు కోసేకి, గుంటూరు పక్కకి. ఇంటికాడ ఎదురుచూసేది నేనూ, మా అవ్వా. ఈ కథల్లో ఆడోళ్లు వలసపోరేం?” సమయం లేదు, భోజనాల దగ్గర మాట్లాడుకోండి అన్నారు అధ్యక్షులు.

ఆ ప్రశ్న భోజనాల దగ్గర తీరేది కాదు. అది ఆ పత్రం పునాదినే కదిలిస్తుంది. ఎదురుచూపు భార్యది కాక కూతురిది అయినప్పుడు విరహమనే మాట చాలదు. మానేసిన బడి, ముసలవ్వకు వండిపెట్టడం, చిన్నవాళ్లను సాకడం కథలోకి రావాలి. విమర్శకు కొత్త పనిముట్లు కావాలి. ఇవన్నీ ఇవ్వగల ప్రశ్న ఏ సంకలనంలోనూ అచ్చుకాలేదు. పత్రం మాత్రం అచ్చయింది.

మరో పద్ధతి మనకు తెలియనిది కాదు. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీలను అడిగి, వాళ్లు చెప్పింది విని తయారైన పుస్తకం. పోరాటం గురించి అంతకుముందు పుస్తకాలు లేక కాదు, ఆ స్త్రీలను కూర్చోబెట్టి అడిగినవాళ్లు లేక ఆ చరిత్ర మనకు తెలియకుండా పోయింది.

స్త్రీవాదులమైన మనం నిర్వహించే సదస్సులకూ ఈ కొలత వర్తిస్తుంది. పత్రాలు సగానికి తగ్గిద్దాం. ఆ సమయం చర్చకిద్దాం. అడిగినవాళ్ల పేర్లతో సహా ప్రశ్నలను సంకలనాల్లో అచ్చువేద్దాం. సుగ్గికి పోయే అమ్మ కూతురు మన సాహిత్య చరిత్రలోకి రావాలంటే ముందు మైకు ఆమె చేతికి అందాలి, భోజనాలకు ముందే.